అక్కకు ఎదురుగా, ఇంకొకరిలా

మా హాల్లో ఫ్యాన్లు తిరుగుతుండగా ఎవరూ ఆడేవారు కాదు. టేబుల్ టెన్నిస్ బంతి మరీ తేలిక. పైన ఫ్యాన్ తిరిగితే అది మనం పంపిన చోటికి వెళ్ళదు. అందుకని ఎండాకాలంలో కూడా కిటికీలు దగ్గరగా వేసి, ఫ్యాన్లు ఆపి, చొక్కాలు వీపులకు అతుక్కుపోయేదాకా ఆడేవాళ్ళం. గేము అయిపోగానే ఓడినవాడు వెళ్ళి స్విచ్ వేయాలి. అందరం ఫ్యాన్ కింద చేరి కాసేపు గాలి పీల్చుకునేవాళ్ళం. తర్వాతి గేముకు ఇద్దరు లేవగానే ఎవరో ఒకరు చెప్పకుండానే ఆపేసేవారు. కొత్తగా వచ్చిన విద్యార్థులకు మేము మొదట నేర్పింది సర్వీసు కాదు, ఆ స్విచ్.

విశ్వవిద్యాలయం క్యాంపస్‌లో వ్యాయామశాల వెనక ఉండేది ఆ హాలు. మా ఇల్లు తార్నాకలో. నాన్న ఉద్యోగరీత్యా నా చిన్నప్పుడే కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాం. అప్పుడు నేను మెకానికల్ ఇంజనీరింగ్‌లో పీజీ చేస్తున్నాను. క్లాసులు అయ్యాక చెట్ల కింది రోడ్డు మీదుగా నడిచి హాలుకు వెళ్ళడం, చీకటి పడకముందే ఇల్లు చేరడం నా దినచర్య. ఆటలో నేను గొప్పవాణ్ణేమీ కాదు. కాకపోతే బంతిని ఒకే చోటికి, ఒకే ఎత్తులో, విసుగు లేకుండా ఎన్నిసార్లయినా పంపగలిగేవాణ్ణి. చూసేవాళ్ళకు అది ఆటలా కాకుండా ప్రయోగశాలలో పనిలా ఉండేదట.

ఆ గుణమే నన్ను అక్క దగ్గరకు చేర్చింది.

అక్క అంటే మా సొంత అక్క కాదు, హాలు మొత్తానికీ అక్క. గోల్నాక నుంచి అంబర్‌పేట్ మీదుగా స్కూటీ మీద వచ్చేది. క్యాంపస్‌లో చదువు ఎప్పుడో ముగించింది గానీ హాలును వదల్లేదు. దేశం తరఫున ఆడేది. చాలా దేశాలు కలిసి అన్ని ఆటలకూ ఒకేసారి జరుపుకునే పెద్ద పోటీలకు ఆ ఏడాది మహిళల సింగిల్స్‌లో ఆమె ఎంపికైంది. హాల్లో మిఠాయి పంచింది. పంచుతూనే రెండో సంగతి కూడా చెప్పేసింది.

మోకాలికి ఆపరేషన్ తప్పదన్నారు. ఈ పోటీలదాకా ఆగొచ్చు, ఆ తర్వాత ఆగడానికి లేదు. ఆపరేషన్ అయ్యాక నడవడానికి, మెట్లెక్కడానికి ఇబ్బంది ఉండదుగానీ, ఈ స్థాయి ఆట మళ్ళీ ఆడగలనని ఆశ పెట్టుకోవద్దని డాక్టరు ఉన్నదున్నట్టు చెప్పేశాడట.

"అంటే ఇదే ఆఖరిదా అక్కా?" అని ఎవరో అడిగారు.

"ఆఖరిదే. మెడల్ రాదని నాకు తెల్వదా? నా ముందట ఇంతమంది ఉన్నరు. కానీ ఒక్కదాన్ని ఓడగొట్టాలె. దాని చేతుల రెండుసార్లు ఓడిన. మూడోసారి గూడ ఓడి ఇంటికొచ్చి కూసుంటే, ఇగ జిందగీ మొత్తం అదే యాదికొస్తది."

ఆ 'ఒక్కతి' వేరే దేశపు క్రీడాకారిణి. డిఫెండర్. అంటే టేబుల్‌కు దగ్గరగా ఉండి దాడి చేయదు. బాగా వెనక్కి వెళ్ళి, ఎదుటివాళ్ళు ఎంత గట్టిగా కొట్టినా బంతిని కింది నుంచి కోసినట్టుగా తిప్పి పంపుతూనే ఉంటుంది. ఆ దెబ్బను చాప్ అంటారు. పైగా ఆమె బ్యాటుకు ఒకవైపు నున్నటి రబ్బరు కాకుండా పొడవాటి బొడిపెలున్న రబ్బరు ఉంటుంది. మనం బంతిని ముందుకు తిప్పి కొడితే ఆ తిరుగుడంతా ఆ బొడిపెల మీదుగా మనకే ఎదురు తిరిగి వస్తుంది. ఎంత బలంగా కొడితే అంత భారంగా వస్తుంది. అలా వచ్చిన బంతిని మామూలుగా కొడితే నేరుగా నెట్‌లోకి పోతుంది. ఓపిక లేనివాళ్ళు తమ బలంతో తామే ఓడిపోతారు. అక్కకు బలం ఎక్కువ. ఓపిక సంగతి నేను చెప్పనవసరం లేదు, మా హాలు గోడ మీద ఆమె బ్యాటు తగిలిన గుర్తులు చెప్పేవి.

మా హాల్లో అందరూ కొట్టేవాళ్ళే, చాప్ చేసేవాడు ఒక్కడూ లేడు. మాకు శిక్షణ ఇచ్చే సారు రామంతాపూర్ నుంచి వచ్చేవారు. ఆయన ఒకరోజు కొత్త బ్యాటు తెచ్చి నా చేతిలో పెట్టారు. ఒకవైపు బొడిపెలు.

"నువ్వు ఈ రోజు నుంచి ఆమెవి" అన్నారు.

"ఎవరినండీ?"

"అక్క ఓడగొట్టాలన్న పిల్లవి. వీడియోలు పంపుతా, చూడు. ఎట్ల నిలబడ్తది, ఎట్ల ఎనక్కి పోతది, సర్వీసు ముందు ఏం చేస్తది, అంతా. గెలవాలని ఆడకు. ఆమె లెక్క ఆడు."

పోటీల్లో ఆమే ఎదురవుతుందన్న హామీ ఏమీ లేదు. ఎవరికి ఎవరు ఎదురో తేల్చే డ్రా ఇంకా తీయలేదు. అయినా డిఫెండర్లు ఇంకా ఉంటారు కదా, సాధన వృథా పోదని సారు లెక్క. అక్క లెక్క వేరు. ఆమె మనసులో డ్రా ఎప్పుడో తీసేసింది.

వీడియోలు చూడటం నాకు నచ్చిన పని. ఆ క్రీడాకారిణి సర్వీసులను రకాలుగా విడగొట్టుకున్నాను. అడుగులు ఎటు పడతాయో కాగితం మీద బాణాలు గీసుకున్నాను. మోకాలు ఎంత వంచుతుందో, బంతిని ఏ ఎత్తులో అందుకుంటుందో అద్దం ముందు సరిచూసుకున్నాను. ఇంట్లో అమ్మ తలుపు తీసి, "ఏంట్రా, నడుం పట్టిందా?" అని అడిగింది. చివరికి చేతికి ఆ వాటం వచ్చింది. చాప్ నిలకడగా పడసాగింది.

హాల్లో మాత్రం నా పేరు పోయింది. నేను లోపలికి అడుగుపెట్టగానే, "జరుగుండ్రి రా, మేడం వచ్చింది" అనేవారు. "మేడం, చాయ్ తాగుతరా?" "మేడం, మీ దేశంల ఎండలు ఎట్లున్నయి?" సీనియర్ ఒకడు నాకోసం కుర్చీ తుడిచి మరీ వేసేవాడు. మొదట్లో మొహం ముడుచుకునేవాణ్ణి. తర్వాత అలవాటై, "ఎండలు బాగానే ఉన్నాయి, మీ మర్యాదే తక్కువ" అని జవాబు చెప్పడం నేర్చుకున్నాను.

అన్నిటికంటే కష్టమైంది నవ్వు. ఆ అమ్మాయికి ఒక అలవాటుంది. తన పాయింటు పోగానే చిన్నగా నవ్వుతుంది. వెక్కిరింపు కాదు, దాచుకోవడమూ కాదు, ఊరికే నవ్వు. అక్కను రెండు మ్యాచ్‌లలోనూ కాల్చుకు తిన్నది చాప్ కన్నా ఆ నవ్వే. కాబట్టి నేనూ నవ్వాలి.

"నవ్వకు రా, తంత" అనేది అక్క, నేను బంతి నెట్‌కు కొట్టీ కొట్టకముందే.

"సారు నవ్వమన్నారు అక్కా."

"సారు దిక్కు చూసి నవ్వుకో. నా దిక్కు చూడకు."

"ఆవిడ మీ వైపే చూస్తుంది."

"అరె, దాన్ని నువ్వు ఆవిడ అంటున్నవేంది? నువ్వు నా దిక్కా, దాని దిక్కా?"

సారు కుర్చీలో కూర్చుని నిదానంగా, "వాడు దాని దిక్కే. అందుకే పిలిచిన" అనేవారు. అక్క బ్యాటుతో టేబుల్ అంచు మీద ఒక దెబ్బ వేసి మళ్ళీ సర్వీసుకు నిలబడేది. మోకాలికి కట్టిన పట్టీని రెండు చేతులతో పైకి లాక్కునేది. నొప్పి అని ఎప్పుడూ అనలేదు. "ఒక్క నిమిషం" అనేది. దాని అర్థం మాకు తెలుసు.

ఆ నెలల గురించి తలచుకుంటే నాకు మ్యాచ్ కన్నా ముందు గుర్తొచ్చేవి వేరే ఉన్నాయి. సాయంత్రం ఎండ కిటికీలోంచి టేబుల్ మీదికి వాలితే, అది పక్కకు జరిగేదాకా ఆట ఆపి కబుర్లు చెప్పుకోవడం. చితికిన బంతిని వేడినీళ్ళలో వేస్తే మళ్ళీ గుండ్రంగా లేస్తుందని నేను వాదించడం, అక్క కప్పు చాయ్‌లో వేసి చూడటం, ఆ చాయ్ సారుది కావడం. సాధన అయ్యాక తార్నాక చౌరస్తా దగ్గర మిర్చి బజ్జీలు తింటూ ఆమె తన మొదటి బ్యాటు గురించి చెప్పడం. అవేవీ అప్పుడు దాచుకోదగ్గవిగా అనిపించలేదు.

అక్క జట్టుతో వెళ్ళిపోయింది. నాలుగు రోజుల తర్వాత హాలు గ్రూపులో ఆమె మెసేజ్ వచ్చింది. "ఆమెనే పడ్డది. ఫస్ట్ రౌండ్." వెంటనే ఇంకొకటి, నాకు విడిగా. "మేడం, నువ్వు ఈడికి ఎట్ల వచ్చినవ్?"

మ్యాచ్ మాకు మధ్యాహ్నం పడింది. సారు లాప్‌టాప్ తెచ్చారు, ఎవరో ప్రొజెక్టర్ సంపాదించారు, గోడ మీద తెల్లగుడ్డ కట్టాం. అక్క వాళ్ళ అమ్మ గోల్నాక నుంచి ఆటోలో వచ్చింది, ఒక డబ్బా నిండా చెగోడీలతో. అందరి చేతుల్లో తలా పిడికెడు పోసి, ముందు వరుసలో కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుంది. కూతురి ఆట ఆమె ఎప్పుడూ పూర్తిగా చూడలేదట. గుండె దడ అట.

అక్క తెర మీద కనబడింది. మోకాలికి పట్టీ. బంతి చేతిలోకి తీసుకుని సర్వీసుకు వంగింది. సరిగ్గా అప్పుడే మా హాల్లో ఫ్యాన్లు ఆగిపోయాయి.

"కరెంట్ పోయిందా బిడ్డా?" అంది అమ్మ.

"లేదమ్మా, నేనే బంద్ చేసిన" అన్నాడు స్విచ్ దగ్గరున్న సీనియర్. "బంతి గాలికి పోతదని."

"బంతి గాడున్నది గదా!"

హాలంతా ఘొల్లుమంది. అతను సిగ్గుపడ్డాడు. కానీ మళ్ళీ వేయడానికి చెయ్యి పోలేదు, వేయమని మాలో ఒక్కరమూ అనలేదు. ఆ మ్యాచ్ మొత్తం ఉక్కపోతలోనే చూశాం.

నాలుగు గేములు ముందు గెలిచినవారిది మ్యాచ్. మొదటి గేము అక్క పోగొట్టుకుంది. రెండోది ఇంకా దారుణంగా పోయింది. ఆమె చేస్తున్నదంతా మేము సాధన చేసిందే. ప్రత్యర్థి ఎడమచేతి వైపుకు గట్టిగా ఒకటి కొట్టి, తిరిగొచ్చే బంతి కోసం వెంటనే ముందుకు అడుగు వేయాలి. అది మాకు వందలసార్లు పనిచేసిన ఎత్తు. అక్క అడుగు వేస్తోంది, కానీ బంతి ఇంకా రావడం లేదు. వచ్చేసరికి ఆమె టేబుల్ మీదికి వాలిపోయి ఉంటోంది. బంతి అనుకున్నదానికన్నా లోతుగా పడి ఆమె పొట్టలోకి దూసుకొస్తోంది. ఆమె దాన్ని ఎలాగో కొట్టడం, అది నెట్‌లో పడటం, ఎప్పుడైనా ఒక పాయింటు అక్కకు వచ్చినా ఎదుటి అమ్మాయి నవ్వడం.

"ఆ పిల్ల ఊకె ఎనక్కి ఎనక్కి పోతదేంది? భయమా?" అని అమ్మ అడిగింది.

"భయం కాదమ్మా, ఆమె ఆటనే అట్ల."

"మన పిల్ల ముంగటికి పోతుంటే ఆమె ఎనక్కి పోతే ఇద్దరు ఎప్పుడు కల్వాలె?"

ఎవరూ నవ్వలేదు. గేముల మధ్య విరామం. జాతీయ జట్టు కోచ్ ఆమెకు ఏదో చెబుతున్నాడు. అక్క వింటున్నట్టు లేదు. ఒక్కసారిగా తల ఎత్తింది. కుడి ముంజేతిని నిటారుగా, స్తంభంలా తన పక్కన నిలబెట్టింది. ఎడమ అరచేతితో దాన్ని పక్కకు తోసేసినట్టు చూపింది. కోచ్ అర్థంకాక మర్యాదగా తల ఊపాడు.

మాకు అర్థమైంది. "పిల్లర్!" అని అరిచాడు స్విచ్ దగ్గరి సీనియర్. "అరె, పిల్లర్ గురించి చెప్తున్నది రా!"

అందరం ఒకేసారి వెనక్కి తిరిగాం.

మేము సాధన చేసిన టేబుల్‌కు నేను నిలబడే వైపు, నా ఎడమచేతి మూలకు కొంచెం వెనగ్గా, ఒక కాంక్రీటు స్తంభం ఉంది. మా వాళ్ళంతా టేబుల్‌కు అతుక్కుని కొట్టేవాళ్ళే కాబట్టి దానితో ఎవరికీ పనిపడలేదు. ఏళ్ళ తరబడి దాని మీద తువ్వాళ్ళు ఆరేసుకున్నాం తప్ప దాన్ని చూడటం మానేశాం. కానీ డిఫెండర్ వెనక్కి వెళ్ళాలి. కుడివైపు నేను వెళ్ళగలిగాను. ఎడమవైపు స్తంభం వెళ్ళనివ్వలేదు. అందుకని ఆ వైపు వచ్చిన ప్రతి బంతినీ నేను ముందే అందుకున్నాను. అది అక్కకు త్వరగా, పొట్టిగా వెళ్ళింది. ఆమె అడుగు ఆ బంతికి అలవాటు పడింది. అక్కడ, ఆ పెద్ద హాల్లో, అసలు అమ్మాయి వెనక బోలెడంత ఖాళీ. ఆమె తీరిగ్గా వెనక్కి వెళ్ళి, బంతి మోకాలి ఎత్తుకు దిగేదాకా ఆగి పంపుతోంది.

సారు లేచి వెళ్ళి స్తంభానికి వీపు ఆనించి నిలబడ్డారు. అక్కడి నుంచి టేబుల్ కేసి చూశారు. మిగతా మ్యాచ్ అలా నిలబడే చూశారు.

మూడో గేములో అక్క ఆగడం మొదలుపెట్టింది. కొట్టి, ముందుకు ఉరకబోయి, ఉరకకుండా కాలిని అక్కడే పట్టి ఉంచేది. ఆ ఆపడం మోకాలి మీద పడుతోందని మాకు కనిపిస్తూనే ఉంది. బంతి వచ్చేది, ఆమె దాన్ని నెమ్మదిగా ఎత్తి పంపేది, మళ్ళీ ఆగేది. కొట్టడం కన్నా ఆగడమే ఎక్కువగా ఉన్న ఆట అది. అక్కను అంత ఓపికగా నేను ఎన్నడూ చూడలేదు. మూడోది గెలిచింది. నాలుగోదీ గెలిచింది. ఐదోది పోయింది. ఆరోది వచ్చింది. అమ్మ కళ్ళు మూసుకుని, "అయిపోయిందా? అయిపోయిందా?" అని అడుగుతూనే ఉంది. పక్కనున్నవాళ్ళు "ఇంకా లేదమ్మా" అని వంతులవారీగా చెబుతున్నారు.

ఏడో గేము సగానికి వచ్చేసరికి ఒకటి గమనించాను. పాయింటు పోయినప్పుడు ఎదుటి అమ్మాయి నవ్వడం లేదు. ఆ మొహాన్ని అన్ని నెలలు చదివినవాణ్ణి కాబట్టి నాకది స్కోరు కన్నా పెద్ద వార్త. "సార్, నవ్వట్లేదు" అన్నాను. "చూసిన" అన్నారు సారు స్తంభం దగ్గర్నుంచి.

తొమ్మిది-తొమ్మిది. పదకొండుకు చేరితే గేము. అక్క ఆ అమ్మాయి ఎడమమూలకు ఒకటి కొట్టింది. ఆగింది. బంతి లోతుగా వచ్చింది. ఎత్తి పంపింది. మళ్ళీ ఆగింది. మళ్ళీ పంపింది. అలా ఎంతసేపు సాగిందో నేను లెక్కపెట్టలేదు. నాలాంటివాడు లెక్క మరిచిపోయాడంటే ఆ సేపు ఎలాంటిదో అర్థం చేసుకోవాలి. చివరికి ఆ అమ్మాయి పంపిన చాప్ కాస్త పైకి లేచింది. అక్క అప్పుడు మాత్రం తన పాత బలమంతా వాడింది. ఆ తర్వాతి పాయింటు ప్రత్యర్థి బంతి నెట్‌కు తగిలి ఆమె వైపే పడిపోయింది.

హాల్లో ఎవరు ఎవరిని కౌగిలించుకున్నారో తెలియదు. అమ్మ కళ్ళు తెరిచి, "అయిపోయిందా?" అంది. "అయిపోయిందమ్మా, గెల్చింది." "మరి గట్ల కుంటుతున్నదేంది?" అంది ఆమె, తెర మీంచి చూపు తిప్పకుండా.

సాయంత్రం ఫోన్ వచ్చింది. స్పీకర్ పెట్టి అందరం చుట్టూ చేరాం.

"మోకాలు ఫుట్‌బాల్ లెక్క అయింది. రేపు ఆడనని చెప్పేసిన" అంది అక్క. గొంతు మామూలుగానే ఉంది. "ఏం పర్వాలేదు. నా టోర్నమెంట్ అయిపోయింది."

"పిల్లర్ సంగతి సారు ముందే చూసుకోవాల్సింది" అని ఎవరో అన్నారు.

"అరె, అందరం చూడలేదు. దాని మీద నా తువ్వాలే ఎక్కువ ఉండె" అని నవ్వింది. అమ్మ ఫోన్ లాక్కుని, "తిన్నవా?" అంది.

ఆ పోటీల ఫలితాలు ఇప్పటికీ ఇంటర్నెట్‌లో ఉన్నాయి. మహిళల సింగిల్స్, రెండో రౌండు, అక్క పేరు ఎదురుగా 'ఆడలేదు' అని ఉంటుంది. రెండు క్లిక్కులు వెనక్కి వెళ్ళి మొదటి రౌండు చూసే ఓపిక ఎవరికి ఉంటుంది? నాకు ఉంది. ఉద్యోగంలో పడి, ఊరికి ఆ చివర ఉంటూ, ఎప్పుడైనా మెట్రోలో తార్నాక దాటుతున్నప్పుడు తీసి చూస్తుంటాను.

ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాలకు అక్క హాలుకు వచ్చింది, చేతికర్రతో. సీనియర్ నా కుర్చీ తుడిచి ఆమెకు వేశాడు. ఆమె కాలు బల్ల మీద చాపుకుని, నా చేతిలోని బ్యాటు కేసి చూసింది.

"అది ఇంకా ఎందుకు పట్టుకున్నవ్? పాత బ్యాట్ తియ్యి. నీ ఆట ఆడు, నేను చూస్త."

సంచిలోంచి నా పాత బ్యాటు తీశాను. ఎదురుగా సీనియర్ సర్వీసు వేశాడు. తిరిగొచ్చిన బంతికి నా కాళ్ళు వాటంతట అవే వెనక్కి వెళ్ళిపోయాయి. మోకాళ్ళు వంగాయి, చెయ్యి కింది నుంచి కోసింది. నున్నటి రబ్బరు మీద అది ఎటో ఎగిరిపోయింది. పాయింటు పోయింది. నేను నవ్వాను.

"నవ్విండు! చూసినవా, నవ్విండు!" అని సీనియర్ ఎగిరి గంతేశాడు. "మేడం, మీరు ఇంకా దేశం పోలేదా?"

అక్క కడుపు పట్టుకుని నవ్వుతోంది. "అది దాని ఆట రా తమ్మీ. నీది యాడ వోయింది?"

"ఇక్కడే ఎక్కడో ఉండాలి అక్కా."

"అయితే దేవులాడు. నాకేం తొందర లేదు, కూసుంట."

మళ్ళీ సర్వీసు. ఈసారి కాళ్ళను టేబుల్ దగ్గరే పట్టి ఉంచాను. బంతి లేచింది. దాన్ని పైకి తిప్పి బలంగా కొట్టాను. టేబుల్ దాటి ఎదురు గోడకు తగిలి కిందపడింది.

"బయట వడ్డది" అంది అక్క. "కానీ అది నీదే. ఇంకోటి కొట్టు."